తీపికి కాపలా

మొన్నో శనివారం మా అత్తయ్యని గుడికని చెప్పి బేకరీకి తీసుకెళ్ళాను.

పూర్తిగా అబద్ధం కాదులెండి. ముందు గుడికే వెళ్ళాం. కాలనీ గుళ్ళో మూడు ప్రదక్షిణలు చేసి, తీర్థం పుచ్చుకుని, చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య నా చెవి దగ్గరకి వంగి "ఇప్పుడెళ్దామా?" అన్నారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ట్యూషన్ ఎగ్గొట్టి సినిమాకెళ్ళే పిల్లలా అడిగారు. నాకు నవ్వాగలేదు.

మేముండేది నాచారం స్నేహపురి కాలనీలో. ఆటో ఎక్కితే పది నిమిషాల్లో బేకరీ. పేరు చెప్పను, చెబితే ప్రకటన చేస్తున్నానంటారు. ఇటు నాచారం, మల్లాపూర్ వాళ్ళకీ, అటు హబ్సిగూడ, ఉప్పల్ వాళ్ళకీ చెప్పక్కర్లేదు కూడా. సాయంత్రం ఆరు దాటితే బయట బండి పెట్టడానికి చోటుండదు. ఆదివారమైతే కేకు మీద పేరు రాయించుకోవడానికే జనం నిలబడి ఉంటారు.

ఇంతకీ ఈ దొంగతనం ఎందుకంటే, అత్తయ్యకి పద్దెనిమిదేళ్ళుగా షుగరు. తీపి విషయంలో మా వారు మహా కఠినం. రూలు పెట్టేది ఆయన, లాఠీ పట్టుకుని తిరిగేది నేను. మీ ఇళ్ళలోనూ ఇంతే అనుకుంటా. పంచదార డబ్బా పై అరలో పెట్టేది మనమే, సంక్రాంతికి అరిసెలు లెక్కపెట్టి డబ్బాలో సర్దేది మనమే, అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు చప్పుడైతే "ఎవరదీ?" అని మంచం మీంచే కేకేసేదీ మనమే. వండి పెట్టే చేయే అడ్డం పెట్టాలి. ఇంత చెడ్డ ఉద్యోగం ఇంకోటి లేదు.

పోయినేడాది మావయ్య పోయారు. అప్పట్నుంచి అత్తయ్య ఏమీ అడగడం మానేశారు. "ఏం కూర చేయమంటారత్తయ్యా?" అంటే "ఏదైనా ఒకటే". "ఏ చీర కట్టుకుంటారు?" అంటే "ఏదో ఒకటిలే". మొదట్లో సర్దుకుపోతున్నారనుకున్నాను. నాలుగు కిలోలు తగ్గాక భయం వేసింది.

ఆ మధ్య మా అమ్మాయి పుట్టినరోజు. స్నేహితురాళ్ళు వచ్చారు. కేకు కోశారు. ఇప్పటి పిల్లల సంగతి మీకు తెలిసిందే, తినేది తక్కువ, పూసుకునేది ఎక్కువ. మొహాలకి, జుట్టుకి, గోడకి కూడా క్రీమే. అందరూ వెళ్ళాక నేను తడిగుడ్డతో సోఫా తుడుస్తుంటే అత్తయ్య మూల కుర్చీలో కూర్చుని, ఎవరితోనూ కానట్టు అన్నారు:

"మొహాలకి పూసుకునే దాంట్లోంచి ఒక్క చెంచా నా నోట్లో పెడితే ఏం పోయిందే?"

గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది. ఏడాది తర్వాత ఆవిడ నోరు తెరిచి కావాలని అడిగిన మొదటి వస్తువు అది. నాకు వెంటనే మా నాన్న గుర్తొచ్చాడు.

నాన్న నాచారం పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చిలకానగర్‌లో మాది రెండు గదుల ఇల్లు. 1990 ప్రాంతంలో మా వైపు ఇన్ని బేకరీలెక్కడివి? ఉన్నవాటిలో బన్ను, బ్రెడ్డు, గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు. క్రీమ్ పేస్ట్రీ కావాలంటే సికింద్రాబాద్ వెళ్ళాల్సిందే. బోనస్ వచ్చిన రోజు నాన్న బస్సులో వెళ్ళి తెల్లటి అట్టపెట్టె తెచ్చేవాడు, దారంతో కట్టింది. ఉప్పల్ బస్సులో సీటు దొరకదు కదా, ఒక చేత్తో పైన రాడ్డు, ఇంకో చేతిలో పెట్టె. ఇంటికొచ్చేసరికి సగం క్రీమ్ మూతకి అంటుకునేది. ఆ మూత నాకడానికి నాకూ తమ్ముడికీ యుద్ధాలు.

పెట్టెలో మూడే ఉండేవి, మేం ఐదుగురం. అమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. పేస్ట్రీని కత్తిపీట మీద కోయడం చూశారా ఎప్పుడైనా? నేను చూశాను. క్రీమంతా కత్తికే! తర్వాత నానమ్మ "గుడ్డు కలుస్తుందిటగా" అని ఆ కత్తిపీటని మూడుసార్లు కడిగించేది. కడిగించేది కానీ, తన వాటా ముక్క మాత్రం వదిలేది కాదు. అమ్మ ఎప్పుడూ "నాకు క్రీమ్ పడదు" అనేది. నాన్న పైనాపిల్ ముక్క కోసం చూసేవాడు. పైన పసుపు పచ్చని జెల్లీ, పక్కన ఒక ఎర్ర చెర్రీ. చెర్రీ మాత్రం నాకు ఇచ్చేసేవాడు.

చుట్టాలింటికి ఊరెళ్ళేటప్పుడైతే ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా. కరాచీ బేకరీ కథ నాన్నే చెప్పేవాడు. దేశ విభజన తర్వాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ అనే ఆయన 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర మొదలుపెట్టాడనీ, పోగొట్టుకున్న ఊరి పేరే దుకాణానికి పెట్టుకున్నాడనీ. "చూడు, ఊరు పోయినా పేరు తెచ్చుకున్నాడు" అనేవాడు. ఆ బిస్కెట్లలో ఎర్రగా, పచ్చగా తగిలే టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలేనని పెళ్ళయ్యాక గాని నాకు తెలియలేదు.

ఇక 2019. నాన్నకి డెబ్బై దాటాయి, షుగరు ముదిరింది. తమ్ముడి దగ్గరే చిలకానగర్‌లో ఉండేవాడు. ఒకరోజు కంటి పరీక్షకి నేను తీసుకెళ్ళాను. తిరిగొస్తూ ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగాం. అప్పటికి మెట్రో వచ్చింది గాని స్కైవాక్ లేదు, అది 2023లో కదా తెరిచింది. నాలుగు వైపుల నుంచీ బస్సులు, లారీలు. నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని రోడ్డు దాటించాను. ఇవతలికి రాగానే ఒక బేకరీ. నాన్న అద్దం ముందు ఆగిపోయాడు.

"అమ్మా, పైనాపిల్ ఒకటి తీసుకుందామా?"

నేనేమన్నానో మాటకి మాట గుర్తుంది. "పొద్దున ఎంతుందో తెలుసా నాన్నా? రెండొందల ఇరవై!"

సరే అన్నట్టు తలూపాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తమ్ముడి పిల్లలు ఇంట్లో ఉన్నారు కదా అని వాళ్ళకోసం నాలుగు పేస్ట్రీలు కట్టించాను. ఆటోలో నా చేతిలో మందుల సంచీ, రిపోర్టుల ఫైలు. అందుకని పెట్టె నాన్న ఒళ్ళో పెట్టాను. "ఒంచకు నాన్నా, క్రీమ్ అంటుకుంటుంది" అని కూడా చెప్పాను. ఉప్పల్ నుంచి చిలకానగర్ దాకా ఆయన రెండు చేతులతో ఆ పెట్టెని కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత ఒక రాత్రి తమ్ముడు వాళ్ళు ఊరెళ్ళారని నేను తోడు పడుకున్నాను. రెండింటికి మూలుగు వినిపించింది. లేచి చూస్తే చొక్కా అంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. మాత్ర వేసుకుని రాత్రి అన్నం సరిగ్గా తినలేదట. మెషీన్ పెట్టి చూస్తే 52. డెబ్బై కంటే దిగితేనే ప్రమాదమని అప్పటికే నాకు తెలుసు. వంటింట్లోకి పరిగెత్తాను. పై అరలో నేనే దాచిన పంచదార డబ్బా! స్టూలేసుకుని దింపి, మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలకి మళ్ళీ చూస్తే 84. నాన్న తేరుకుని, గ్లాసు వంక చూసి, "ఇప్పుడు తినొచ్చా?" అని నవ్వాడు.

ఆ కార్తీకమాసంలోనే గుండెపోటుతో పోయాడు. నా చేత్తో ఆయనకి పెట్టిన ఆఖరి తీపి ఆ పంచదార నీళ్ళే, అదీ మందుగా. అప్పట్నుంచి బేకరీకి ఎన్నిసార్లు వెళ్ళినా నేను పైనాపిల్ పేస్ట్రీ కొనలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అదీ నేపథ్యం. అందుకే అత్తయ్య ఆ మాట అన్నాక నేను ఊరుకోలేకపోయాను. అలాగని వెంటనే చెంచా నోట్లో పెట్టలేదు కూడా. నెలవారీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడిగాను. ఇన్నేళ్ళలో "ఏం పెట్టకూడదు?" అని తప్ప "ఏం పెట్టొచ్చు?" అని నేను అడిగింది అదే మొదటిసారి. ఆయన రిపోర్టు చూశారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంటుంది కదా, హెచ్‌బీఏ1సీ, అది 6.9 ఉంది. "ఈ వయసులో ఇది బాగానే ఉన్నట్టమ్మా. బరువు తగ్గడమే నాకు నచ్చట్లేదు. అప్పుడప్పుడు చిన్న ముక్క తింటే మునిగిపోయేదేమీ లేదు. ఆ పూట అన్నం తగ్గించండి, ఖాళీ కడుపున పెట్టకండి, రెండు గంటల తర్వాత ఒకసారి చూసుకోండి" అన్నారు. ఇది మా అత్తయ్య లెక్క సుమండీ. ఒక్కో ఒంటిది ఒక్కో తీరు, మీ ఇంట్లో వాళ్ళ లెక్క మీ డాక్టరుగారినే అడగాలి.

ఇంటికొచ్చి చెబితే మా వారు "డాక్టర్లు అలాగే అంటారు, రేపు కాలికి పుండు పడితే చూసుకునేది మనం" అన్నారు. వాదించే ఓపిక లేక, శనివారం గుడి పేరు పెట్టాను.

బేకరీలో ఆ పూట జనం తక్కువే. అద్దం వెనక వరసలు వరసలుగా బ్లాక్ ఫారెస్ట్, బటర్‌స్కాచ్, స్ట్రాబెర్రీ, రెడ్ వెల్వెట్. అత్తయ్య అద్దానికి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళారు. కౌంటర్ అబ్బాయి నన్ను కాకుండా ఆవిణ్ణే చూసి, "అమ్మమ్మా, ఏది కావాలి?" అన్నాడు.

అత్తయ్య జవాబు చెప్పలేదు. ఒక్కొక్క దాని ముందూ నిలబడి, "ఇదేంటి బాబూ? మరి ఇదో?" అని అడుగుతూ ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఈ చివరకి వచ్చారు. పది నిమిషాలు పట్టింది. ఆ అబ్బాయి విసుక్కోకుండా అన్నీ చెప్పాడు. "ఏదైనా ఒకటే" అనే మా అత్తయ్యేనా అనిపించింది. చివరికి పైనాపిల్ మీద వేలు పెట్టారు. మళ్ళీ ఏదో గుర్తొచ్చి, "శనివారం బాబూ, గుడ్డు కలిసిందా?" అన్నారు. "ఎగ్‌లెస్ వేరే ట్రే ఉంది అమ్మమ్మా." "నిజంగా కలవదా?" "కలవదు." "ఒట్టు?" ఆ అబ్బాయి నవ్వుతూ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

పక్కన రెండు బల్లలు వేసి ఉన్నాయి. కూర్చున్నాం. అత్తయ్య ముందు చెర్రీ తీసి నోట్లో వేసుకున్నారు. రెండుసార్లు నమిలి ఆగిపోయారు.

"ఇదేం చెర్రీయే? మన వాక్కాయ!"

నిజమే. అసలు చెర్రీలు కశ్మీరు, హిమాచల్ వైపు పండేవి, అంత ఖరీదువి ప్రతి ముక్క మీదా ఎక్కడ పెడతారు? చాలా బేకరీల్లో చెర్రీ పేరుతో వాడేది గింజ తీసి, ఎర్ర రంగు కలిపిన పంచదార పాకంలో ఊరేసిన వాక్కాయే. నేనెక్కడో చదివి తెలుసుకున్న సంగతిని ఖమ్మం దగ్గర పల్లెలో పుట్టిన మా అత్తయ్య నాలుకతో కనిపెట్టారు. "కంచెల్లో ముళ్ళు గుచ్చుకుంటూ కోసుకొచ్చేవాళ్ళం. మీ మావయ్యకి వాక్కాయ పప్పంటే ప్రాణం" అని మొదలుపెట్టి, ఆ కంచె ఎవరిది, ముల్లు ఎవరి కాల్లో దిగింది, పెళ్ళైన కొత్తలో పప్పులో వాక్కాయలు ఎక్కువై మావయ్య మొహం ఎలా పెట్టారు, అన్నీ చెప్పారు. ఏడాదిలో ఆవిడ అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. చిన్నప్పుడు నాన్న నాకిచ్చిన చెర్రీలన్నీ వాక్కాయలే అయ్యుంటాయని నాకప్పుడు తట్టింది.

సగం తిన్నారు. "చాలే. క్రీమ్ మరీ వెగటుగా ఉంది" అన్నారు. చూశారా, ఇంత కథా చేసి! మిగతా సగం కాగితంలో చుట్టమన్నారు. "వాడికి పెట్టు. చిన్నప్పుడు వాడికీ ఇదే ఇష్టం."

నేను తెలుగు బీఏ చదివాను. ఆ చదువు వంటింట్లో ఎందుకూ పనికిరాలేదని అప్పుడప్పుడు బాధపడతాను గాని, ఇలాంటప్పుడు మాటలు గుర్తొస్తాయి. మనవాళ్ళు బతకాలన్న ఆశని "ప్రాణం మీద తీపి" అన్నారు. బిడ్డ మీద ప్రేమని "కడుపుతీపి" అన్నారు. ఆటోలో ఇదే మాట అత్తయ్యతో అంటే, ఆవిడ రోడ్డు వంక చూస్తూ, "ప్రాణం మీద తీపి మీ మావయ్యతోనే పోయిందే. ఈ పైనాపిల్ మీద మాత్రం ఎందుకో పోలేదు" అన్నారు.

ఇంటికొచ్చి రాత్రికి అన్నం తగ్గించి, రెండు గంటల తర్వాత చూస్తే 168. పుస్తకంలో రాసుకున్నాను. అంతా సవ్యంగా జరిగిందనుకుంటుండగా మా వారు ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"గుళ్ళో హుండీకి ఇప్పుడు బేకరీ పేరు మీద డబ్బులు కట్టించుకుంటున్నారా?"

ఉమ్మడి ఖాతా! మెసేజ్ ఆయన ఫోన్‌కి వెళ్ళింది. దొంగతనం చేయడం కూడా రాని దాన్ని.

కోప్పడ్డారు. నేను తలొంచుకుని విన్నాను. చివర్లో గొంతు మారింది. "నాన్న పోయి ఏడాదైంది. అమ్మకి కూడా ఏదైనా అయితే..." అని ఆగిపోయారు. ఇన్నాళ్ళూ ఆయన మొండితనమనుకున్నది భయమని నాకప్పుడే తెలిసింది. నా 220 కూడా భయమే కదా. ఆ అంకె వెనక నాన్న పోతాడేమోనన్న గుబులే ఉంది. కానీ నాన్నకి వినిపించింది అంకె ఒక్కటే.

అప్పుడు నేను ఆయనకి పెట్టె సంగతి చెప్పాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా చెప్పుకోని విషయం. ఆటోలో నాన్న రెండు చేతులతో ఎలా పట్టుకున్నాడో చూపించాను కూడా. ఆయన ఏమీ అనలేదు. ఫ్రిజ్ తీసి, కాగితంలో చుట్టిన సగం ముక్క తీసుకుని, నిలబడే తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళి అమ్మ మంచం పక్కన కూర్చున్నారు.

నాన్నకి ఆ రోజు పేస్ట్రీ పెట్టి ఉండాల్సిందా అంటే నేనిప్పటికీ అవునని చెప్పలేను. 220 ఉన్నప్పుడు వద్దనడమే సబబేమో. కానీ "ఎందుకు నాన్నా, తినాలనుందా?" అని ఒక్క మాట అడగాల్సింది. వచ్చేవారం డాక్టరుని కనుక్కుని మనిద్దరమే వద్దామని చెప్పాల్సింది. కనీసం ఆ పెట్టె నా ఒళ్ళో పెట్టుకోవాల్సింది. కాపలా ఉద్యోగం మనకి తప్పదు. ఉన్నవాళ్ళ ప్రాణం మన చేతిలో ఉందని భయపడతాం కాబట్టే చేస్తాం. అయితే వద్దని చెప్పేటప్పుడు మనం మాట్లాడుతున్నది మెషీన్‌తో కాదనీ, ఎదురుగా ఒక మనిషి నిలబడి అడుగుతున్నాడనీ గుర్తుంచుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే నెలకోసారి, సగం ముక్క, పుస్తకంలో లెక్క.

నిన్న మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా వారే కారు తీశారు. "గుడికేగా?" అని అడిగి మరీ తీశారు. కౌంటర్ దగ్గర అదే అబ్బాయి. "అమ్మమ్మా, ఈసారి ఏది?" అన్నాడు. అత్తయ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్నీ చూశారు, కొత్తగా వచ్చినవాటి పేర్లన్నీ అడిగారు. చివరికి "ఇవాళ వద్దులే బాబూ, చూద్దామని వచ్చా" అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. మా వారు ఒక పఫ్ తీసుకున్నారు.

"మీకేం కావాలక్కా?" అన్నాడు ఆ అబ్బాయి.

పైనాపిల్ అన్నాను. కట్టించుకోలేదు. అత్తయ్య పక్కనే కూర్చుని, చివరి దాకా తిన్నాను. వాక్కాయ మాత్రం తీసి ఆవిడకి ఇచ్చాను.